డొక్కు సైకిళ్ళు కొండ దిగిన కథ

మీ వీధిలో నిలబెట్టి ఉన్న సైకిళ్ళను ఒకసారి పరిశీలించి చూడండి. పాల క్యాన్లు మోసే నల్లటి పెద్ద సైకిలు ఒకటి కనిపించవచ్చు. 28 అంగుళాల చక్రాలు, సన్నటి టైర్లు, కడ్డీ బ్రేకులు. దాని పక్కనే కుర్రకారు తొక్కే మరో రకం సైకిలు ఉంటుంది. చక్రాలు కాస్త చిన్నవి, 26 అంగుళాలు. టైర్లు మాత్రం బొద్దుగా, గళ్ళుగళ్ళుగా ఉంటాయి. హ్యాండిల్ అడ్డంగా, తిన్నగా ఉంటుంది. కొన్నింటికి గేర్లు కూడా ఉంటాయి. రెండూ సైకిళ్ళే అయినా వాటి వంశాలు వేరు. మొదటిదాని పూర్వీకులది ఇంగ్లండు. రెండోదాని పుట్టుక తెలుసుకోవాలంటే అమెరికా పశ్చిమ తీరానికి, 1970ల నాటి పాత ఇనుప సామాన్ల కొట్లకు వెళ్ళాలి. అక్కడ నలభై ఏళ్ళనాటి డొక్కు సైకిళ్ళను ఏరుకొచ్చి, కొండల మీదినుంచి పందేలు వేసుకుని దిగిన కొద్దిమంది యువకుల చేతుల్లో అది పుట్టింది.

ఆ డొక్కు సైకిళ్ళకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'క్లంకర్'. ఇంగ్లీషులో పాతబడి లొడలొడలాడే యంత్రాన్ని అలా అంటారు. డబ్బున్న కంపెనీలు, పరిశోధనశాలలు ఏవీ ఈ కథ మొదట్లో లేవు. విరిగిన ముక్కే ఇక్కడ పాఠం. ఏది విరిగితే దాన్ని మార్చారు, ఏది కాలిపోతే దాని బదులు ఇంకొకటి వెతికారు.

ముందు టైరు వచ్చింది

1930ల మొదట్లో అమెరికాను ఆర్థిక మాంద్యం పట్టి పీడిస్తోంది. పెద్దవాళ్ళు అప్పటికే కార్లెక్కారు. సైకిలు పిల్లల వస్తువైపోయింది. ఆ సమయంలో షికాగో నగరంలోని ష్విన్ కంపెనీ 1933లో ఒక కొత్త సైకిలును బజారులో పెట్టింది. దాని విశేషం టైరులో ఉంది. వెడల్పు 2.125 అంగుళాలు, లోపల విడిగా ట్యూబు. జర్మనీలో వాడుకలో ఉన్న లావు టైర్లను చూసి కంపెనీ అధిపతి ఫ్రాంక్ ష్విన్ ఈ మార్పు తెచ్చాడు. వాటికి 'బెలూన్ టైర్లు' అని పేరొచ్చింది. దినపత్రికలు పంచే కుర్రాళ్ళు సైకిలుతో పేవ్‌మెంట్ల మీదినుంచి దూకినా, బరువు వేసుకుని గతుకుల్లో పోయినా ఇవి తట్టుకున్నాయి. పిల్లల మనసు దోచుకోవడానికి ఫ్రేముకు మోటారు సైకిలులా ఉత్తుత్తి పెట్రోలు ట్యాంకు కూడా తగిలించారు!

లావు టైరు వల్ల లాభమేమిటి? లెక్క వేసి చూడండి. వెనక చక్రం మీద 50 కిలోల బరువు పడుతోందనుకుందాం. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలైతే, నేలను తాకే భాగం సుమారు 10 చదరపు సెంటీమీటర్లు. పీడనం 2 కిలోలకు తగ్గిస్తే ఆ భాగం 25 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. అంటే మెత్తటి మట్టిలో చక్రం తక్కువగా దిగబడుతుంది, పట్టు దొరుకుతుంది. పైగా దారిలో గులకరాయి తగిలినప్పుడు గట్టి టైరు రాయి మీదికెక్కి, సైకిలునూ మనిషినీ కలిపి పైకి లేపుతుంది. మెత్తటి టైరు రాయి చుట్టూ తానే నొక్కుకుపోతుంది. సన్నటి టైరులో ఇంత తక్కువ గాలి ఉంచితే రిమ్ము నేరుగా రాయికి తగిలి సొట్టపడుతుంది. టైరు లావుగా ఉంటేనే తక్కువ పీడనంతో నడపడం సాధ్యం.

ఇలా వచ్చిన ష్విన్ సైకిళ్ళలో 'ఎక్సెల్సియర్' ఒకటి. అదే కంపెనీ అంతకు ముందు తయారుచేసి 1931లో ఆపేసిన మోటారు సైకిలు పేరు దానికి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఈ ఫ్రేములే తర్వాత మన కథానాయకులకు ప్రాణమయ్యాయి.

మారిన్ కొండలు

శాన్ ఫ్రాన్సిస్కో నగరం నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళితే మారిన్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడ టామల్పైస్ అనే కొండ ఉంది. ఎత్తు సుమారు 784 మీటర్లు. హిమాలయాలున్న మనకు అది గుట్టలా అనిపించవచ్చు కాని, దాని చుట్టూ ఉన్న బాటలు విశేషమైనవి. అడవికి నిప్పంటుకుంటే అగ్నిమాపక వాహనాలు వెళ్ళడానికి తవ్విన మట్టి రోడ్లవి. అప్పట్లో మనుషులు, గుర్రాలు తప్ప పెద్దగా ఎవరూ తిరిగేవారు కారు.

1970ల మొదట్లో లార్క్‌స్పర్ అనే ఊరి కుర్రాళ్ళు పాత బెలూన్ టైరు సైకిళ్ళ మీద ఈ బాటల్లో దిగడం మొదలుపెట్టారు. వాళ్ళను చూసి మరికొందరికి సరదా పుట్టింది. వీళ్ళలో కొందరు అసలైన రోడ్డు పందేల సైకిలిస్టులు కావడం గమనించదగ్గది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్ అలాంటివారు. పందెపు సైకిలు ఖరీదైనది, తేలికైనది, సున్నితమైనది. అలాంటిదాని మీద మెలకువగా తొక్కే నేర్పున్నవాళ్ళు వారాంతంలో ఈ ఇనుప దుంగలను ఎందుకెక్కారు? అడవి కోసం, కార్లు లేని దారి కోసం. జో బ్రీజ్ 1973లో ఒక పాత కొట్టులో 1941 నాటి ష్విన్ తయారీ సైకిలును కొన్నాడు. ఇచ్చిన ధర 5 డాలర్లు.

మీరే ఒక క్లంకర్ కట్టాలనుకోండి

పని కూర్చడంతో కాక ఊడదీయడంతో మొదలవుతుంది. మడ్‌గార్డులు, ఉత్తుత్తి ట్యాంకు, క్యారియరు, స్టాండు, చైను కవరు అన్నీ తీసి అవతల పారెయ్యాలి. మిగిలిన ఫ్రేమును గీకి, ముఖ్యంగా హ్యాండిల్ దిగే గొట్టం దగ్గర అతుకుల్లో పగుళ్ళున్నాయేమో చూడాలి. కొండ దిగేటప్పుడు దెబ్బలన్నీ ముందు చక్రం నుంచి ఆ అతుకులకే చేరతాయి. ఫోర్కు వంగి ఉంటే మరొకటి వెతుక్కోవాలి. హ్యాండిల్ బదులు మోటారు సైకిలుకుండే వెడల్పాటిది బిగించాలి. చేతులు ఎంత దూరంగా ఉంటే తిప్పడానికి అంత తక్కువ బలం చాలు. గతుకుల్లో చక్రం పక్కకు విసిరినా అదుపు తప్పదు.

ఇన్ని పాత సైకిళ్ళుండగా ఎక్సెల్సియర్ ఫ్రేము కోసమే ఎందుకు వెతికేవారు? దాని కోణాల వల్ల. ముందు ఫోర్కు పందెపు సైకిలుకన్నా ఎక్కువగా ముందుకు వాలి ఉంటుంది. ఫోర్కు వాలు వెంట ఒక గీత గీసి నేలదాకా పొడిగించండి. చక్రం నేలను తాకే చోటు ఆ గీతకు వెనక ఉంటుంది. ఈ దూరం పెరిగితే చక్రం తనంతట తాను తిన్నగా నిలబడాలని చూస్తుంది. పైగా ముందు చక్రం మనిషికి దూరంగా ఉండడంతో నిటారు దిగుడులో తలకిందులుగా పల్టీ కొట్టే ప్రమాదం తగ్గుతుంది. 1930ల నాటి డిజైనరుకు కొండలు దిగడం గురించి ఆలోచన ఉండి ఉండదు. పిల్లవాడు నింపాదిగా, హాయిగా పోవాలనుకున్నాడంతే. అదే గుణం నలభై ఏళ్ళ తర్వాత మరో పనికి అక్కరకొచ్చింది.

ఇక బ్రేకు. మన సైకిళ్ళలో పెడలును వెనక్కి తిప్పితే ఫ్రీవీలు టకటకమంటూ తిరుగుతుంది. ఈ అమెరికా పాత సైకిళ్ళలో మాత్రం పెడలును వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. ఆ ఏర్పాటంతా వెనక చక్రం హబ్బులోనే ఉంటుంది. వెనక్కి తొక్కగానే లోపల ఒక ముక్క మరచుట్ల మీద జరిగి, బ్రేకు ముక్కలను హబ్బు లోపలి గోడకు అదుముతుంది. మారో, బెండిక్స్, న్యూ డిపార్చర్ అనే తయారీలు పేరుపడ్డవి. హ్యాండిల్ మీద లివర్లు లేవు, తీగలు లేవు, ముందు చక్రానికి అసలు బ్రేకే లేదు. చైను ఊడిందంటే బ్రేకూ పోయినట్టే.

ఇలా తయారైన సైకిలు 20 కిలోలకు పైనే తూగేది. ఒకటే గేరు. ఎక్కడానికి నెట్టుకుంటూ పోవాలి, లేదా ఎవరిదైనా ట్రక్కులో వేసుకుని పైకి చేరాలి.

పొగలు కక్కిన హబ్బు

ఫెయిర్‌ఫాక్స్ ఊరికి పైన పైన్ మౌంటెన్ నుంచి దిగే ఒక మట్టి రోడ్డుంది. పొడవు సుమారు 3 కిలోమీటర్లు. ఇంత కొద్ది దూరంలో అది దాదాపు 400 మీటర్లు కిందికి దిగుతుంది. ప్రతి 100 మీటర్లకు సగటున 13, 14 మీటర్ల దిగుడన్నమాట. ములుపులు, కాలవలు, జారే గులకరాళ్ళు. తమలో ఎవరు వేగంగా దిగగలరని మిత్రుల మధ్య వాదన పెరిగింది. తేల్చుకోవడానికి చార్లీ కెల్లీ అనే యువకుడు గడియారాలతో పోటీ ఏర్పాటు చేశాడు. ఇతను ఒక సంగీత బృందానికి సామాన్లు మోసి, సర్దిపెట్టే పని చేసేవాడు. 1976 అక్టోబరు 21న మొదటి పోటీ జరిగింది. ఆలన్ బాండ్స్ గెలిచాడు. ఆ రోజు కింద పడకుండా దిగినవాడు అతనొక్కడేనని చెబుతారు.

అందరినీ ఒకేసారి వదిలితే ఒకరినొకరు గుద్దుకుంటారు. అందుకని రెండేసి నిమిషాల తేడాతో ఒక్కొక్కరినే వదిలేవారు. వేగం తక్కువవాళ్ళు ముందు, ఎక్కువవాళ్ళు చివర. పైన ఒక గడియారం, కింద ఒకటి, రెండూ కలిపి సరిచూసుకుని లెక్క కట్టేవారు. ప్రేక్షకులు పెద్దగా ఉండేవారు కారు.

ఆ రోడ్డుకు 'రీప్యాక్' అని పేరు స్థిరపడింది. ఎందుకో తెలియాలంటే తొమ్మిదో తరగతి భౌతిక శాస్త్రం చాలు. మనిషి, సైకిలు కలిసి 90 కిలోలనుకోండి. 400 మీటర్ల ఎత్తున వాటి స్థితిజ శక్తి సుమారు 3,50,000 జౌళ్ళు. కిందికి చేరాక ఆ శక్తి ఏమైంది? గంటకు 41 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాడనుకున్నా గతిజ శక్తి 6,000 జౌళ్ళు మించదు. అంటే నూటికి రెండు వంతులు కూడా లేదు. మిగిలినదంతా గాలి నిరోధం, దొర్లుడు ఘర్షణ, బ్రేకు పంచుకుని వేడిగా మార్చేశాయి. నేను వేసిన ఉజ్జాయింపు లెక్కలో బ్రేకు వాటా సుమారు 1,40,000 జౌళ్ళు తేలింది. రెండు గ్లాసుల నీళ్ళను మరిగించడానికి సరిపోయే వేడి ఇది. ఆ వేడంతా నాలుగైదు నిమిషాల్లో పిడికిలంత హబ్బులో పుడుతోంది! హబ్బు కిలో బరువున్న ఉక్కు అనుకుందాం. ఉక్కు విశిష్టోష్ణం నీటి విశిష్టోష్ణంలో ఎనిమిదో వంతు మాత్రమే. వేడి బయటికి పోయే దారే లేకపోతే ఉష్ణోగ్రత 280 డిగ్రీలు పెరగాలి. కొంత వేడి గాలిలోకి పోతుంది గనుక అంత పెరగకపోవచ్చు. అయినా బేరింగుల్లోని గ్రీజు కరిగి, ఆవిరై, పొగలు కక్కుతుంది. కింద ఆగిన సైకిళ్ళ వెనక చక్రాల నుంచి పొగ తీగలు లేచేవి. ఒక్కసారి దిగితే చాలు, హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరాల్సిందే. మన సైకిలు షాపుల్లో ఏడాదికోసారి చేయించే ఓవరాయిలింగును వీళ్ళు ప్రతి దిగుడు తర్వాతా చేసుకోవలసి వచ్చేదన్నమాట. గ్రీజు మళ్ళీ కూరడాన్ని ఇంగ్లీషులో 'రీప్యాక్' అంటారు.

1976 నుంచి 1984 వరకు అక్కడ 24 పోటీలు జరిగాయి. ఎక్కువ భాగం 1979 లోపలే ముగిశాయి. వాటిలో పదింటిని జో బ్రీజ్ గెలిచాడు. అతి తక్కువ సమయం మాత్రం గ్యారీ ఫిషర్‌ది: 4 నిమిషాల 22 సెకండ్లు. బ్రీజ్ ఉత్తమ సమయం దానికన్నా రెండే సెకండ్లు ఎక్కువ. మహిళల్లో రికార్డు వెండీ క్రాగ్‌ది. ఆనాటి ఫొటోల్లో చాలామటుకు ఆమె తీసినవే. దుమ్ములో, ములుపులో, పక్కకు ఒరిగిపోయిన సైకిళ్ళను మనం ఈనాడు చూడగలుగుతున్నామంటే అది ఆమె చలవే.

గేర్లు ఎక్కడివి?

దిగడం సరే, ఎక్కడం? ఒక గేరు సైకిలుకు ముందు పళ్ళచక్రంలో 52 పళ్ళు, వెనక 20 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. 14 శాతం వాలున్న దారిలో ఇలా ఎక్కాలంటే పెడలు మీద సగటున 63 కిలోల బలం ఎడతెగకుండా పడుతూ ఉండాలి. దాదాపు ఒక మనిషి బరువు! అదే ముందు 26, వెనక 28 పళ్ళుంటే ఒక చుట్టుకు 1.9 మీటర్లే కదులుతుంది కాని, 22 కిలోల బలం చాలు. చేసే పని తగ్గదు. దాన్ని చిన్న చిన్న వాయిదాల్లో తీర్చుకుంటామన్నమాట.

1974 డిసెంబరు 1న మారిన్‌లోని మిల్ వ్యాలీలో బురదదారి సైకిలు పోటీ ఒకటి జరిగింది. దానికి దక్షిణాన ఉన్న కూపర్టినో నుంచి రస్ మాహన్, అతని మిత్రులు వచ్చారు. వాళ్ళవీ లావు టైర్ల డొక్కు సైకిళ్ళే. కాని వాటికి చైనును ఒక పళ్ళచక్రం మీదినుంచి మరో దాని మీదికి మార్చే డిరైలర్లు, హ్యాండిల్ మీద బొటనవేలితో నొక్కే గేరు మీటలు, రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు ఉన్నాయి! మారిన్ యువకులు దాన్ని చూశారు. ఆ తర్వాత కూపర్టినో వాళ్ళు ఈ రంగంలో పెద్దగా కనిపించలేదు. గ్యారీ ఫిషర్ మాత్రం తన ఎక్సెల్సియర్‌కు అలాంటి హంగులన్నీ అమర్చుకున్నాడు. ఇద్దరు తొక్కే జంట సైకిలుకుండే డ్రమ్ము బ్రేకు, మోటారు సైకిలు బ్రేకు లివర్లు, గేర్లు. బరువు ఇంకా పెరిగింది. అయినా ఇప్పుడు కొండ ఎక్కి, దిగవచ్చు. పొగ వదిలే హబ్బుతో పని లేదు.

పాత ఇనుము చాలనప్పుడు

ఈ దెబ్బలకు పాత ఫ్రేములు ఎంతకాలం ఆగుతాయి? వంగేవి, విరిగేవి. యుద్ధానికి ముందు నాటి సరుకు కొట్లలో తరిగిపోతూ వచ్చింది. అప్పుడు జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్త ఫ్రేము కట్టడానికి పూనుకున్నాడు. తండ్రి పందెపు కార్లు తయారుచేసి నడిపిన మనిషి. ఇంట్లోనే యంత్రాల పని నేర్చుకోవడానికి వీలుండేది. పైగా 1974లో ఫ్రేములు కట్టే విద్యను ఆల్బర్ట్ ఐసెన్‌ట్రౌట్ దగ్గర నేర్చుకున్నాడు. 1977లో మొదటి 'బ్రీజర్' తయారైంది. కోణాలు మాత్రం ఆ పాత ఎక్సెల్సియర్‌వే. గొట్టాలు క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కువి. మామూలు ఉక్కుకన్నా బలమైనది కనుక గొట్టం గోడ పలచగా ఉన్నా చాలు. బరువు సుమారు 17 కిలోలకు దిగింది. దాని మీదే బ్రీజ్ రీప్యాక్‌లో గెలిచాడు. 1978 నాటికి అలాంటివి పది తయారయ్యాయి. మొదటిది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియం సేకరణలో ఉంది.

1979లో ఫిషర్, కెల్లీ కలిసి ఒక గ్యారేజీ అద్దెకు తీసుకుని 'మౌంటెన్ బైక్స్' అని కంపెనీ పెట్టారు. ఫ్రేములు టామ్ రిచీ కట్టి ఇచ్చేవాడు. ఒక్కో సైకిలు సుమారు 1,300 డాలర్లు. 5 డాలర్ల డొక్కు నుంచి ఆరేళ్ళలో ఇంత దూరం! 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ అధిపతి మైక్ సిన్యార్డ్ అదే నమూనాను జపానులో ఫ్యాక్టరీలో చేయించి, 'స్టంప్‌జంపర్' పేరుతో 750 డాలర్లకు అమ్మాడు. పెద్ద ఎత్తున ఉత్పత్తయిన తొలి మౌంటెన్ బైకు అదే. ఫిషర్, కెల్లీల భాగస్వామ్యం 1983లో ముగిసింది. వాళ్ళ కంపెనీ పేరు ఆ జాతి సైకిళ్ళన్నింటికీ పేరైంది.

అసలు ఫ్రేము తయారుచేసిన ష్విన్ మాటేమిటి? 1978లో ఆ కంపెనీ 'క్లంకర్ 5' అనే పేరుతోనే ఒక సైకిలు విడుదల చేసి, కొద్ది కాలానికే ఆపేసింది. తన పాత సరుకు నుంచి పుట్టిన కొత్త విపణిని అంది పుచ్చుకోలేకపోయింది. 1992లో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఇందుకు ఇంకా చాలా కారణాలున్నాయి, నిజమే. కాని ఈ ఒక్కటీ చిన్నది కాదు.

మొదటివాడు ఎవరు?

ఈ ప్రశ్నకు ఇప్పటికీ వాదోపవాదాలు నడుస్తాయి. 1897లో లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నాయకత్వాన అమెరికా సైన్యంలోని నల్లజాతి సైనికులు మొంటానా నుంచి సెయింట్ లూయిస్ దాకా సుమారు 1,900 మైళ్ళు బరువైన సైకిళ్ళ మీద, కొండలు దాటుకుంటూ వెళ్ళారు. 1950లలో పారిస్ శివార్లలో ఒక కుర్రకారు సంఘం తమ సైకిళ్ళను మార్చుకుని బురదదారుల్లో పందేలు వేసింది. 1953లో జాన్ ఫిన్లే స్కాట్ అనే అతను లావు టైర్లు, గేర్లు ఉన్న అడవి సైకిలు కట్టుకున్నాడు. 1976లోనే కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్ యువకులు డొక్కు సైకిళ్ళతో 12,700 అడుగుల ఎత్తున్న పెర్ల్ కనుమ దాటి ఆస్పెన్ చేరారు. ఆలోచన ఇందరికి వచ్చింది. మరి మారిన్‌లోనే అది నిలదొక్కుకుంది ఎందుకు? నా ఉద్దేశంలో ఆ గడియారాలే కారణం. పదే పదే ఒకే రోడ్డు మీద, సెకండ్లతో సహా కొలిచి చూసుకున్నప్పుడు ఏ బ్రేకు మేలో, ఏ ఫోర్కు పనికిరాదో దాచడానికి వీలుండదు. పక్కవాడి సైకిలులోని మంచి వచ్చే పోటీకి మన సైకిలులోకి వచ్చేస్తుంది.

1990లో కొలరాడోలోని డురాంగోలో మౌంటెన్ బైకుల తొలి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు స్థానం దొరికింది. నెదర్లాండ్స్‌కు చెందిన బార్ట్ బ్రెంటియెన్స్, ఇటలీకి చెందిన పావోలా పెజ్జో తొలి స్వర్ణాలు గెలుచుకున్నారు.

సొంత గడ్డ మీద మాత్రం పరిస్థితి వేరుగా పరిణమించింది. సైకిళ్ళు పదుల నుంచి వేలల్లోకి పెరిగేసరికి మారిన్ బాటల్లో నడిచేవాళ్ళు, గుర్రపు స్వారీ చేసేవాళ్ళు అభ్యంతరం చెప్పారు. మలుపు తిరగగానే మీదికి దూసుకొచ్చే సైకిలుకు గుర్రం బెదిరితే ఏమవుతుందో ఊహించండి. వర్షాకాలంలో టైర్ల చాళ్ళ వెంట మట్టి కోసుకుపోతుందనీ వాదించారు. సన్నటి కాలిబాటల్లో చాలావాటిని సైకిళ్ళకు మూసేశారు. వెడల్పాటి మట్టి రోడ్ల మీద గంటకు 15 మైళ్ళు, అంటే 24 కిలోమీటర్ల వేగ పరిమితి విధించారు. ఆ వేగంతో రీప్యాక్ దిగడానికి ఏడున్నర నిమిషాలు పడుతుంది.